వావిలాకు వేసిన ఇంజన్

మా అత్తకు ఇద్దరు కోడళ్లు. చిన్నదాన్ని నేను. పెద్దది, బొగ్గు తిని నీళ్లు తాగే రైలింజన్. నేను కాపురానికి వచ్చిన మర్నాడే అత్త నన్ను పాలమూరు స్టేషన్ వెనకున్న షెడ్డుకు తీసుకుపోయింది. ఆ ఇంజన్ ముందర నిలబెట్టి, నా చేత దాని మూతికి పసుపూ కుంకుమా పెట్టించింది.

"ఇది నీకంటె ముందుగాల వచ్చింది. దీని కడుపు నిండినంకనే నా కొడుకు తింటడు. వాడు తిన్నంకనే నువ్వు తినేది. యాదికి పెట్టుకో పిల్లా," అన్నది.

కొత్త కోడలిని కనక తల వంచుకుని ఊఁ అన్నాను. లోపల మాత్రం ఒళ్లు భగ్గుమంది. మనిషి సవతి అయితే జుట్టు పట్టుకోవచ్చు. ఇనప సవతిని ఎక్కడ పట్టుకుంటాం?

ఆ రోజుల్లో ఒక డ్రైవరుకు ఒకే ఇంజన్. దాని మీద ఇంకొకరు చెయ్యి వేసేవారు కాదు. మా ఆయన ఆ ఇంజన్ మీదే ఫైర్‌మన్‌గా బొగ్గు వేస్తూ పని నేర్చుకుని, దాని మీదే డ్రైవరయ్యాడు. ఆయన పుట్టకముందెప్పుడో ఓడలో వచ్చిందట అది. షెడ్డులో అందరూ దాన్ని ముసల్ది అనేవారు, కానీ ఆయన ముందర కాదు. నోరుజారి అన్నవాడితో ఆయనకు ఆ వారమంతా మాటలుండేవి కావు.

మాది నారాయణపేట. మా బాపు మగ్గం నేసేవాడు. అత్తవాళ్లదీ ఒకప్పుడు మగ్గమే. నేను రాకముందే పోయిన మా మామ, మగ్గం గుంటలోంచి లేచి రైల్వేలో బొగ్గు మోయడానికి వచ్చాడట. మా బాపు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా అరిసెలతో పాటు ఒక మూట నూలుపోగులు తెచ్చేవాడు. చీర కోసిన తర్వాత మగ్గం మీద మిగిలే పడుగు కొసలవి. అల్లుడికి అరిసెల మీద కన్ను పడేది కాదు. ఆ పోగులు ఉండలు చుట్టుకుని షెడ్డుకు పరుగెత్తేవాడు. పాతగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయట, నూలుపోగులైతే నూనెను పీల్చేస్తాయట. మా నారాయణపేట ఎరుపూ ఆకుపచ్చా ఆ ఇంజన్ ఒళ్లంతా రుద్దుకునేది. నాకు కొత్త చీర వచ్చి ఎన్నాళ్లయిందో ఆయనకు గుర్తుండేది కాదు.

పొద్దున్నే బండి కట్టి, దేవరకద్ర మీదుగా, కృష్ణ వంతెన దాటి, గద్వాల, కర్నూలు దాకా పోయేవాడు. ముందు సరుకు డబ్బాలు, వెనక మనుషుల డబ్బాలు. పల్లికాయ, ఆముదాలు, తోళ్లు, ఎండుమిర్చి అన్నీ ఆ ముసలిదాని వెనకే పోయేవి. ఎండాకాలం వచ్చిందంటే పాలమూరు కూలీలు పారలు, గంపలు, వంటసర్వలు, చంటిపిల్లలతో సహా ఎక్కేవారు. ఎక్కడ కట్ట పోస్తున్నా, ఎక్కడ కాలువ తవ్వుతున్నా మా వాళ్ల చేతులే కావాలి. చంటిపిల్లలున్న డబ్బా ఉంటే బండి కుదుపు లేకుండా ఆపాలని ఆయన పట్టుదల. "గది మెల్లగ ఆగుతది, దానికి పిల్లలంటె పానం," అనేవాడు, ఆపింది తాను కానట్టు.

ఒక్క విషయంలో మాత్రం నేనూ దానికి దండం పెట్టాను. మా రైల్వే కోటర్లలో ఎవరు ప్రసవించినా బాలింతకు నీళ్లు ఇంజన్ నుంచే వచ్చేవి. బొగ్గు దుమ్ము లేవకుండా తడపడానికి డ్రైవరు నిలబడే చోట ఒక సన్నగొట్టం ఉంటుంది. దాని మర తిప్పితే పొగలు కక్కుతూ నీళ్లు పడతాయి. ఆడవాళ్లు బిందె పట్టుకుని నిలబడితే ఏ డ్రైవరూ మారుమాట్లాడకుండా నింపేవాడు. మా వైపు కట్టెలకు కరువు. నీళ్లకు అంతకంటే కరువు. బాలింతకేమో వావిలాకు వేసి మరిగించిన నీళ్లు కాగులకు కాగులు నడుము మీద పడాలి. ఇంజన్ నీళ్లు పోసుకున్న బిడ్డ ఉరుముక్కూడా ఉలికిపడదని కోటర్లలో అందరి నమ్మకం. అత్తకైతే అది నమ్మకం కాదు, వేదం.

నా తొలికాన్పు ఆనవాయితీ ప్రకారం నారాయణపేటలో, మా బాపు ఇంట్లో జరిగింది. ఆడపిల్ల. పురుడు నాటికి ఆయన వస్తానన్నాడు. ఆలోపే బిడ్డకు జ్వరం తగిలింది. పాలు పట్టడం మానేసింది. బాపు ఒక మనిషిని దేవరకద్ర స్టేషనుకు పరుగెత్తించాడు. అప్పటికి ఆయన కృష్ణ దాటి ఎక్కడో బండి మీద ఉన్నాడు. తంతి తీగ మీద కబురు స్టేషన్ తర్వాత స్టేషన్ ఆయన వెంటపడింది. అది అందాక, బండి అప్పగించడానికి ఇంకో డ్రైవరు దొరికి, వెనక్కి రైలెక్కి, ఎడ్లబండెక్కి మా వాకిట్లో దిగేసరికి బిడ్డను మట్టిలో పెట్టడం కూడా అయిపోయింది. పసిబిడ్డను పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చోరు కదా.

వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్లిస్తే తాగాడు. బిడ్డ గురించి ఒక్క మాట అడగలేదు. ఎట్లుండె, ఏమాయె, ఒక్కటీ లేదు. మర్నాడు మళ్లీ బండి మీదికి పోయాడు. నా కడుపులో ఆ కోపం అట్లాగే ఉండిపోయింది. అందులో సగం ఆ ఇంజన్ మీద పెట్టాను. ఆయన్ను మోసుకుపోయింది అదే కదా.

అత్త మాత్రం తీర్పు చెప్పేసింది. "ఇంజన్ నీళ్లు పడలే, బిడ్డ నిలవలే. ఇగ ఎన్ని కాన్పులైనా ఈడనే. ఎవడొచ్చి చెప్పినా ఇనను."

పెద్ద లడాయి, అదే ప్రపంచయుద్ధం, నడిచినన్నాళ్లు కొత్త ఇంజన్లు రాక ముసల్ది బతికిపోయింది. లడాయి ముగిసి కొత్తవి దిగడం మొదలైంది. ఒకరోజు షెడ్డుకు హుకుం వచ్చింది: ముసలిదాన్ని ఇంకో ఇంజన్‌కు కట్టి పట్నం లాక్కుపోయి, పగలగొట్టి ఇనుము చేయాలని. ఆ రోజు ఆయన ఇంటికి వచ్చి గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. పెద్దకోడలికి కాలం దగ్గరపడిందని అత్త ముక్కు చీదింది. నేను మూడు నెలల గర్భంతో పొయ్యి దగ్గర కూర్చుని, పీడ విరగడైందనుకున్నాను. అబద్ధమెందుకు, అట్లాగే అనుకున్నాను.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. స్టేషన్ బావి అడుగంటింది. నీళ్లు తోడే ఆయిల్ మిషన్ ఒకరోజు నడిస్తే రెండు రోజులు పడుకునేది. ఇంజన్లకూ కోటర్లకూ కృష్ణ నుంచి రైలు డబ్బాల్లో నీళ్లు తెచ్చారు. అప్పుడు మా ఆయన షెడ్డు పెద్ద దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడట.

"చక్రాలు అరిగినయి, నిజమే. దాన్ని నడిపియ్యకున్రి. బావి కాడ నిలవెట్టున్రి సార్. దాని బాయిలర్‌కు ఏం కాలే. ఆవిరి పైపు తగిలిస్తే పాతాళం నుంచైనా నీళ్లు తోడుతది."

షెడ్డు పెద్ద మంచివాడే కానీ, తనంతట తాను ఏదీ చేసే మనిషి కాదు. పైకి విన్నవించాడు. అది తిరిగి తిరిగి, చివరికి జవాబు వచ్చింది. పట్నం నుంచి ఒక సహాబు వస్తాడు. ఆయన కళ్ల ముందర ఆ ఇంజన్ ఆవిరితో పై ట్యాంకు నింపాలి. నింపితే ఉంటుంది. లేకపోతే సుత్తి దెబ్బలే.

అప్పటి నుంచి ఆయనకు తిండీ నిద్రా లేవు. ఇంజన్‌ను బావి పక్కకు తెచ్చి నిలబెట్టారు. బాయిలర్ కడిగాడు, మళ్లీ కడిగాడు. మా బాపు పంపిన పోగులన్నీ అయిపోతే నా పాతచీర కొంగు చింపుకుపోయాడు. ఇంత ఆరాటం మనుషుల మీద ఎప్పుడైనా చూపించాడా అని నేను గిన్నెల మీద కోపం తీర్చుకునేదాన్ని.

సహాబు వచ్చేనాటికి నేను బాలింతను. మళ్లీ ఆడపిల్లే. బొద్దుగా, నల్లగా, గుప్పిళ్లు బిగించుకుని ఉంది. మా పురిటిగది కిటికీ తెరిస్తే ఎదురుగా బావి, దాని పక్కన ఇంజన్ కనిపించేవి. గాలి కొడుతుంది, కిటికీ తెరవొద్దని అత్త చెప్పింది. చెప్పి అవతలికి పోయింది. సహాబు వచ్చిన అలికిడికి నేను తెరిచాను.

అత్త ఎక్కడికి పోయిందో నాకు తర్వాత తెలిసింది. తెల్లారకముందే వాగు ఒడ్డుకు పోయి గంపెడు వావిలాకు కోసుకొచ్చింది. రోజూ ఇంజన్ నీళ్లు తెచ్చి, మళ్లీ ఇంట్లో పొయ్యి మీద ఆకు వేసి మరిగించడం ఎందుకనుకుంది. పెద్దకోడలు ఎట్లాగూ కాగుతూనే ఉంది, దాని కడుపులోనే ఆకు వేస్తే పనైపోతుంది కదా! ఫైర్‌మన్ చాయ్ తాగడానికి పోయిన సందు చూసుకుని, చీర ఎగ్గట్టి, ఇంజన్ వెనక బొగ్గూ నీళ్లూ మోసే పెట్టె పైకి ఎక్కింది. నీళ్లు పోసే మూత ఎత్తింది. గంపంతా బోర్లించి, మూత వేసి, చేతులు దులుపుకుని దిగింది. ఈ బిడ్డను ఎట్లాగైనా నిలబెట్టుకోవాలని ఆమె ఆరాటం.

ఆమెకు తెలియనిది ఒక్కటే. నీళ్లు కాగేది ఆ పెట్టెలో కాదు. అక్కడ నీళ్లు చల్లగానే ఉంటాయి. ఒక గొట్టం గుండా ముందున్న బాయిలర్‌లోకి పోయి అక్కడ కాగుతాయి. ఇన్నేళ్లు ఇంజన్ నీళ్లతో పురుళ్లు పోసిన మనిషికి ఇంజన్ అంటే పెద్ద కాగు. కాగుకు కడుపు ఒకటే కదా.

సహాబు ఎండెక్కకముందే వచ్చాడు. ఖాకీ బట్టలు, తల మీద కుచ్చున్న ఎర్ర రూమీ టోపీ. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మా ఆయన ఆవిరి వదిలాడు. పంపు రెండుసార్లు దగ్గి, అందుకుంది. కాసేపటికి పై ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. కోటర్లలో ఆడవాళ్లంతా బయటికొచ్చారు. నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ఆ చప్పుడు వింటుంటే, ఎన్నడూ లేనిది, ముసలిదాని మీద నాకే ముచ్చటేసింది.

ఉన్నట్టుండి ఇంజన్ గురగురమంది. బాయిలర్‌కు నీళ్లందించే గొట్టం చీదింది, ఆవిరి కక్కింది, నీళ్లు మాత్రం పోవడం లేదు. మా ఆయన మర తిప్పాడు, మళ్లీ తిప్పాడు, పిడికిలితో కొట్టాడు. ఏమీ లేదు. బాయిలర్‌లో నీళ్లు తగ్గిపోతే ఇంజన్ పేలిపోతుంది. అందుకే అట్లాంటప్పుడు ఏ డ్రైవరైనా నిప్పంతా కిందికి లాగేస్తాడు. ఈ మాట ఆయన నోట ఎన్నోసార్లు విన్నదాన్ని. నిప్పు లాగేస్తే మనుషులకు భయం లేదు, కానీ పరీక్ష పోయినట్టే. సుత్తులు వచ్చినట్టే.

ఆయన గాజుగొట్టంలో నీటిమట్టం చూశాడు. ఇంకా కాస్త వ్యవధి ఉందనుకున్నాడేమో, పంపు ఆపేశాడు. నిప్పుకు గాలి తగలకుండా మూసి, తడిపిన బొగ్గుపొడితో కప్పేయించి, వెనక పెట్టె మీదికి ఎక్కాడు. సహాబు కూడా ఇంజన్ ఎక్కి ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు ముందర నిలబడ్డాడు. మా ఆయన మూత ఎత్తి భుజం దాకా చెయ్యి లోపల పెట్టాడు. చెయ్యి బయటికొచ్చేసరికి పిడికిలి నిండా ఆకు.

ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తలెత్తి సూటిగా మా ఇంటి దిక్కు చూశాడు. నేను అత్త దిక్కు చూశాను. అత్త అప్పటికే ఖాళీ బిందె చంకన పెట్టుకుని వాకిట్లో సిద్ధంగా నిలబడి ఉంది.

"అమ్మా! ఏందిది?" అని అరిచాడు. ఆయన తల్లి మీద అరవడం అదే మొదలు, అదే ఆఖరు.

అత్త జంకలేదు. బిందెతో సహా నడిచి సహాబు ముందరికే పోయింది. "వావిలాకు. నేనే ఏసిన. ఇంట్ల బాలింత ఉంది. తప్పయితే నన్నను, నా కొడుకును అనకు సాబ్. పెద్దకోడలిని అస్సలే అనకు."

పెద్దకోడలెవరో అర్థంకాక సహాబు అటూ ఇటూ చూశాడు. షెడ్డు పెద్ద ఉర్దూలో ఏదో గొణిగాడు. సహాబు నవ్వలేదు, కోప్పడలేదు. చూపు మళ్లీ ముల్లు మీదికే తిప్పుకున్నాడు.

మా ఆయనా ఫైర్‌మనూ కలిసి చేతికందిన ఆకంతా తోడిపోశారు. తర్వాత ఆయన ఇంజన్ కింద వెల్లకిలా పడుకుని, గొట్టం ఊడదీసి, లోపల జల్లెడకు అంటుకున్న ఆకును గోళ్లతో గీకాడు. గొట్టం తిరిగి బిగించాడు. పైకొచ్చి మర తిప్పాడు. గొట్టం ఒక్కసారి చీది, గడగడమని నీళ్లందుకుంది. కోటర్ల ఆడవాళ్లు ఓ అని అరిచారు. ఆయన మాత్రం సహాబు ముందర తల వంచుకుని నిలబడ్డాడు. పరీక్ష మధ్యలో పంపు ఆగిపోయింది, ఇంక చెప్పేదేముంటుందని.

సహాబు వేలితో ముల్లు చూపించాడు. నిప్పు కప్పేసి, గాలి మూసేసి అంతసేపైనా ముల్లు ఉన్నచోటు నుంచి పెద్దగా దిగలేదు. బాయిలర్‌లో ఎక్కడైనా కారే సందుంటే ఎప్పుడో పడిపోయేదట. "బుడ్డీ మే అభీ దమ్ హై," అన్నాడు. ముసలిదాంట్లో ఇంకా దమ్ముంది అని. మళ్లీ పంపు వదలమన్నాడు. పై ట్యాంకు నిండి అంచుల మీద నుంచి కారేదాకా నిలబడ్డాడు. పోతూ పోతూ రెండు హుకుములిచ్చాడు: ఇంజన్ బావి దగ్గరే ఉండాలి. పెట్టె మూతకు తాళం ఉండాలి, ఆ తాళంచెవి ఈ పెద్దావిడ చేతికి పోకూడదు.

ఆ పొద్దు సన్నగొట్టం లోంచి టీరంగు నీళ్లు పడ్డాయి. వావిలాకు వాసన గుప్పుమంది. అత్త గెలిచినట్టే బిందె నింపుకొచ్చి నా నడుము మీద పోసింది. "సూడు, ఎట్ల మరిగినయో," అన్నది. ఇంక ఆమెతో ఏం వాదిస్తాం?

ఆ ఇంజన్ ఆ తర్వాత ఏళ్లకేళ్లు అక్కడే ఉంది. చక్రాల చుట్టూ రాళ్లు పేర్చి, ఎండ తగలకుండా రేకుల కప్పు వేశారు. బొగ్గు రాని రోజుల్లో తుమ్మకట్టెలు వేసి నడిపారు. సర్కారు మారింది, జెండా మారింది, స్టేషన్ బోర్డు మీద అక్షరాలు మారాయి. బావి దగ్గర దాని శ్వాస మారలేదు. కోటర్ల బాలింతలే కాదు, చుట్టుపక్కల కూలీవాడల నుంచి కూడా ఆడవాళ్లు బిందెలతో వచ్చేవారు. ఎవరినీ కాదనకుండా మా ఆయనే నింపేవాడు.

అవును, మా ఆయనే. ఆ సంగతి చెప్పాలి. సహాబు పోయిన కొన్నాళ్లకు షెడ్డు పెద్ద ఆయన్ను పిలిచి, కొత్తగా వచ్చిన ఇంజన్లలో ఒకటి నీకే అన్నాడట. నిగనిగలాడే ఇంజన్, పెద్ద బండి. ఆయన వద్దన్నాడు. బావి దగ్గర పంపు నడిపేవాడిగా ఉంటానన్నాడు. డ్రైవరు టోపీ తీసేసి నీళ్లు తోడే పనిలో కూర్చుంటానన్నాడు.

నాకు ఆ మాట తెలిసినప్పుడు అత్త పెరట్లో కాళ్లు చాపుకుని బిడ్డకు నీళ్లు పోస్తోంది. నేను పక్కన పీట మీద కూర్చున్నాను. ఆయన వేడినీళ్ల బిందె తెచ్చి దించాడు. పచ్చి బాలింతను, నోటికి అడ్డూ ఆపూ లేదు.

"గా ఇనుము కోసం చేతికొచ్చిన కొత్తింజన్‌ను ఇడిసిపెడ్తవా? గంత పానమా నీకు దాని మీద? గా పానంల జరంత మా మీదుంటె మేం బాగుపడకపోదుమా?"

అత్త కూడా వత్తాసు పలికింది. "పిల్ల అన్నదాంట్ల తప్పేముందిరా? నేనైనా గట్లనే అంట."

ఆయన బిందెను అత్త చేతికందేలా జరిపాడు. తర్వాత, "బండి నడుపుడంటె నాకు శాన ఇష్టం. నీకు ఎర్క లేదా?" అన్నాడు.

"మరి?"

"ఇది కదలదు."

నాకు అర్థం కాలేదు.

"కదలని ఇంజన్ కావాల్నని అడిగిన. ఇంట్ల నుంచి కేకేస్తే ఇనవడాలె. నడిసి రావాలె నేను. గంతే."

అత్త చేతిలో చెంబు ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆయన కాపాడుకుంటున్నది ముసలిదాన్ని అనుకున్నాను. షెడ్డులో బతిమాలడం, బాయిలర్ కడగడం, గోళ్లతో ఆకు గీకడం, అంతా దాని కోసమే అనుకున్నాను. నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఆయన బిడ్డ ముందర గొంతుక్కూర్చున్నాడు. అత్త కాళ్ల మీద అది ఆవిరిలో ఎర్రబడి, గుప్పిళ్లు విదిలిస్తోంది. దాన్ని చూస్తూ, నా దిక్కు చూడకుండా అడిగాడు.

"మొదటిది... ఎవరి పోలికుండె?"

ఎన్నేళ్లు ఈ మాట కోసం చూశాను! ఆయన దాని ముఖం చూడనే లేదు కదా. అడగాలంటే భయపడ్డాడని నాకు తట్టనే లేదు.

"నీ పోలికనే," అన్నాను. "నుదురు నీదే. ఏడ్సేటప్పుడు కిందిపెదవి గిట్ల వంచేది. ఎడమచెవి పైన చిన్న మడతుండె, నీకున్నట్లె."

ఆయన చెయ్యి మెల్లగా పైకి పోయింది. "ఈ చెవా?"

"ఆఁ, గదే చెవి."

ఆయన ఆ చెవి పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. నీళ్లు చల్లారుతుంటే అత్త బిడ్డను కొంగులో చుట్టుకుంది.